పన్నెండు మిషన్లు ఆగిన మ్యాచ్

నేను క్రికెట్ చూసే మనిషిని. చెప్పుకోవడానికి ఏనాడూ సిగ్గుపడలేదు. చూడనివ్వనివాళ్ల మీద కోపం మాత్రం ఉండేది, అది కూడా మామూలు కోపం కాదు. పెళ్లిచూపుల్లో పాట వచ్చా అని అడిగారు, కుట్టు వచ్చా అని అడిగారు, ఒంట్లో ఏమైనా జబ్బులున్నాయా అని పక్కింటావిడను చాటుకు పిలిచి మరీ అడిగారు. టీవీలో ఏం చూస్తావమ్మా అని ఒక్కరూ అడగలేదు. అడిగి ఉంటే ఉన్నమాట చెప్పేదాన్ని. ఎనిమిదేళ్ల పోరు తప్పేది, వాళ్లకూ నాకూ.

నేను పుట్టింది ఉరవకొండ దగ్గర ఒక పల్లెలో. నాయనది మెట్ట సేద్యం. వేసేది శనక్కాయ, ఎదురుచూసేది వాన. విత్తనం వేశాక పొలంలో చేయడానికి పెద్దగా ఏమీ ఉండదు కనుక నాయన ఒక పాత బ్లాక్ అండ్ వైట్ టీవీ కొని ఎదురుచూపుకు ఇంకో దారి వెతుక్కున్నాడు. మంచం మీద దుప్పటి పరిచి, శనక్కాయలతో ఫీల్డింగ్ పెట్టి, స్లిప్ అంటే ఏది, పాయింట్ అంటే ఏది, ఎవరిని ఎందుకు దూరంగా నిలబెడతారు అని నాకు నేర్పించాడు. పాఠం అయిపోయాక ఫీల్డర్లను ఒలుచుకుని తినేవాళ్లం. మా అమ్మ అది చూసి ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని గొణిగేది. ఆమె గొణుగుడు మా ఇద్దరికీ కామెంటరీలో ఒక భాగమైపోయింది.

ఆ రోజుల్లోనే ఎడారి దేశంలో జరిగిన మ్యాచ్ ఒకటి నాకు బాగా గుర్తు. ఆట మధ్యలో గాలిదుమారం లేచి, ఆటగాళ్లు నేల మీద బోర్లా పడుకున్నారు. నాయన తెగ సంబరపడ్డాడు. ఇదేం దుమ్మూ, మన ఊరికి రమ్మనండి, ఆషాఢంలో చూపిస్తా అన్నాడు. ఆ తర్వాత మనవాడు ఒకడు ఆ దుమ్ములోనే నిలబడి బాదిన బాదుడు చూసి, నాయన కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. పంట పోయిన ఏడు కూడా ఆయన కళ్లు తడవలేదు. ఆట మనిషిని అంత దూరం తీసుకుపోతుందని నాకు తెలిసింది ఆరోజే. అప్పటినుంచి నాకు ఆ పిచ్చి ముదిరింది.

తొంభైలు ముగిసే ముందు వేసవిలో నన్ను రాయదుర్గం ఇచ్చారు. అత్తగారింటి ముందు హాల్లో పన్నెండు కుట్టుమిషన్లు. జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్ అది. మా ఆయన కటింగ్ చేస్తాడు, టైలర్లు కుడతారు, నేను దారాలు కత్తిరించి, జిప్పు సరిగా పడిందా లేదా చూసి, కట్టలు కట్టాలి. హాల్లో గోడకు ఎత్తుగా ఒక కలర్ టీవీ. నేను అడుగుపెట్టిన రోజు దాన్ని చూసి, నా అదృష్టం పండిందనుకున్నాను. నాయన ఇంట్లో బంతి తెల్లదో ఎర్రదో కూడా తెలిసేది కాదు కదా.

అదృష్టం పండలేదు. రిమోట్ మా అత్త నడుముకు, చీర కుచ్చిళ్ల పక్కన దోపి ఉండేది. టైలర్లు మధ్యాహ్నం అన్నానికి ఇళ్లకు పోతే సాయంత్రం దాకా తిరిగి రారని ఆమె కనిపెట్టింది. అందుకని అన్నం వేళకు గంటసేపు సీరియల్ పెట్టేది. అందరూ క్యారియర్లు తెచ్చుకుని అక్కడే తినేవాళ్లు. గంట కాగానే నడుముదగ్గర చెయ్యి కదిలేది, తెర నల్లబడేది, పన్నెండు మిషన్లు ఒక్కసారిగా మొదలయ్యేవి. పని వేళ టీవీ లేదు. పని లేని వేళ అంటూ ఆ ఇంట్లో లేదు.

నా పెళ్లయిన ఏడే ప్రపంచకప్పు వచ్చింది. నేను దాన్ని విన్నాను, చూడలేదు. ఎదురుగా టీ అంగడిలో జనం అరిస్తే ఫోరో సిక్సో, నిట్టూరిస్తే వికెట్టు. నేను దారాలు కత్తిరిస్తూ ఆ అరుపుల్ని బట్టి స్కోరు కట్టుకునేదాన్ని. ఆ తర్వాత ఎనిమిదేళ్లూ అంతే. గుండీల కోసం బజారుకు పోయినప్పుడు అంగట్లో రెండు ఓవర్లు, పక్కింటికి పెరుగుతోడు కోసం పోయి కిటికీలోంచి ఒక ఓవరు, పురిటికి పుట్టింటికి పోయినప్పుడు బిడ్డ ఏడుస్తుంటే సగం మ్యాచ్. మొదటి బంతి నుంచి చివరి బంతి దాకా కూర్చుని చూసిన మ్యాచ్ ఒక్కటి లేదు. నాకు నగలొద్దు, పట్టుచీరలొద్దు, ఒక్క మ్యాచ్ పూర్తిగా కావాలి. మా ఆయనను అడిగితే, ఆయన వాళ్లమ్మ వైపు చూసేవాడు. వాళ్లమ్మ గోడ గడియారం వైపు చూసేది.

అత్తను గురించి న్యాయంగా చెప్పాలి. మామ పోయేనాటికి ఆ ఇంట్లో ఒకటే మిషను. దాన్ని పన్నెండు చేసింది ఆమె. బళ్లారి వైపు మనిషి, మాటల్లో కన్నడం కలుస్తుంది, డబ్బును దుడ్లు అంటుంది. బేరానికి వచ్చిన పెద్దపెద్ద వ్యాపారులు ఆమె ముందు కూర్చుని చెమటలు తుడుచుకునేవాళ్లు. ఇచ్చిన మాట తప్పదు, అదొక గొప్ప. ఎదుటివాడి మాట తప్పనివ్వదు, అదొక బాధ. ఆమెకున్న ఒకే ఒక్క బలహీనత పేకాట.

తప్పుగా అనుకోవద్దు. మా వైపు ఉగాది నాడు ఓళిగలు, అదే బొబ్బట్లు, తిన్నాక పేకాడటం ఆనవాయితీ. మగవాళ్లు అరుగుల మీద, ఆడవాళ్లు లోపల హాల్లో. చింతగింజలు పందెం. ఆడేది మూడాకుల ఆట. దాని లెక్కలు మా వైపు అందరికీ పుట్టుకతో వస్తాయనే చెప్పాలి. మూడూ ఒకే అంకెవైతే అన్నిటికంటే పెద్దది. దాని కింద సీక్వెన్సు, అంటే అంకెలు వరుసగా రావడం. దాని కింద కలర్, అంటే అన్నీ ఒకే గుర్తువి. దాని కింద జత. అత్త ముక్కలు ఎత్తకుండానే, చూడకుండానే పందెం పెంచుకుంటూ పోయేది. ఎదుటివాళ్లు తమ ముక్కలు చూసుకుని, ఆమె మొహం చూసి, ప్యాక్ అని పడేసేవాళ్లు. ఆమె చింతగింజలు ఒళ్లోకి లాక్కుని, అప్పుడు ముక్కలు తిప్పి చూసుకుని నవ్వేది. చాలాసార్లు అందులో ఏమీ ఉండేది కాదు. ఏడాదిలో ఆమె నవ్వేది ఆ ఒక్కరోజే.

అలాంటి మనిషి ఇంటికి మా మరిది కంప్యూటర్ తెచ్చాడు. బెంగళూరు పార్టీలు కొలతలు, డిజైన్లు ఈమెయిల్లో పంపుతున్నారని కొన్నాడు. వాడు చేసే పని గంట, మిగతాదంతా ఆటలు. ఒకరోజు తెరమీద ఆకుపచ్చ బల్ల, చుట్టూ బొమ్మల మొహాలు, మధ్యలో పేక ముక్కలు. అత్త అటుగా పోతూ ఆగింది. ఇది పోకర్ అని, ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో ఆడుతున్నారని, పందెం ఉత్తుత్తి బిళ్లలేనని, అవి అయిపోతే మళ్లీ వాళ్లే ఉచితంగా ఇస్తారని మరిది చెప్పాడు. దుడ్లు పోకుండా రోజూ ఉగాది అని అర్థం చేసుకున్నట్టుంది అత్త. మర్నాటి నుంచి, సీరియల్ ముగిసి మిషన్లు మొదలయ్యాక, ఒక అరగంట ఆమె లోపలి గదిలోకి పోవడం మొదలైంది. నాకు దొరకని అరగంట ఆమెకు దొరికింది. నా కడుపు మండింది.

అత్తకు ఇంగ్లీషు రాదు. ముక్కలకు ఇంగ్లీషు అక్కర్లేదు కదా. చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. ఆ ఏడింటిలో మంచివి ఐదు ఏరుకోవాలి. పోటీగాళ్లకు బొమ్మలను బట్టి ఆమే పేర్లు పెట్టేది. కళ్లజోడోడు, పిల్లిమొహం, గడ్డపాయన. ఎవరైనా కింద ఏదైనా రాస్తే తిడుతున్నాడనే ఆమె లెక్క. పక్కన నిలబడి చూడగా చూడగా నాకూ పట్టుబడింది. కూర్చోమంటే నేనూ అప్పుడప్పుడు కూర్చున్నాను. నేను భయస్తురాలిని, మంచి ముక్కలు రాకపోతే ఆడను. అత్తకు అది నచ్చేది కాదు. దారాలు కత్తిరించినట్టు ఆడుతున్నానని వెక్కిరించేది.

ఇక్కడొక మాట. ఆటలు చూసేవాళ్లను సోమరులంటారు. ఒక్క సీరియల్లో ఒక కోడలు మెట్ల మీద నుంచి పడటానికి మూడు రోజులు పట్టేది, దాన్ని మాత్రం సోమరితనం అనరు. క్రికెట్లో బంతి వేసేవాడు ఏం చేయబోతాడు, కొట్టేవాడు దాన్ని ముందే కనిపెట్టాడా లేదా, ఇదంతా చూడటానికి బుర్ర పెట్టాలి. పేకాటలోనూ అంతే. చేతిలో ఏముందన్నది సగం, ఉన్నట్టు ఎలా కనపడ్డావన్నది మిగతా సగం. ఈ మాట నేను అత్తతో అంటే, ఒక్క క్షణం ఆలోచించి, పని చూసుకోమంది.

ఇరవై ఓవర్ల ఆటకు మొదటిసారి ప్రపంచకప్పు పెట్టిన ఏడు అది. అంతకు ఆరు నెలల ముందే పెద్ద కప్పులో మనవాళ్లు మొదట్లోనే ఓడి ఇంటికొచ్చారు. టీ అంగడిలో జనం బొమ్మలు తగలబెట్టారు. నేను మాత్రం రెండు రోజులు అన్నం తినలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. ఇప్పుడు కొత్త కుర్రాళ్లతో పోయిన జట్టు ఒక్కొక్క మెట్టే ఎక్కి ఫైనల్‌కు చేరింది. ఎదురుగా పాకిస్తాను. సోమవారం సాయంత్రం ఐదున్నరకు మొదలు. మూడున్నర గంటల్లో అయిపోయే ఆట. ఒక పూర్తి మ్యాచ్ నా జన్మలో దొరికితే ఇప్పుడే దొరకాలి అనిపించింది.

ఆ వారమే బళ్లారి వ్యాపారి ఆర్డరు. మంగళవారం పొద్దున మొదటి బస్సుకు పార్సిల్ పోవాలి, సోమవారం రాత్రి దాకా మిషన్లు తిరిగితేనే పూర్తవుతుంది. ఆదివారం అన్నం వేళ, టైలర్లందరి ముందూ, నేను అత్తను అడిగేశాను. అడగలేదు, అరిచాను. ఎనిమిదేళ్లలో ఒక్క సాయంత్రం అడుగుతున్నాను, నేనూ ఈ ఇంటి మనిషినేనా కాదా అన్నాను. టైలర్లు తలలు వంచుకుని అన్నం కలుపుకున్నారు. వాళ్లకూ మ్యాచ్ కావాలి, నోరు విప్పే ధైర్యం లేదు. మా ఆయన గడియారం వైపు చూశాడు.

అత్త చెయ్యి కడుక్కుని వచ్చి, నా ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

“రేపు మధ్యాన్నం ఆ కంప్యూటర్లో తొమ్మిదిమంది బల్ల మింద కూచో. ఎనమండుగురిని ఊడ్చి నువ్వొక్కదానివే మిగిలితే, మొదటి బాల్ నుంచి కడా బాల్ దంకా మిషన్లు తిరగవు. ఓడిపోతే ఇంగ ఈ ఇంట్లో క్రికెట్ మాటెత్తగూడదు. ఒప్పుకుంటావా?”

ఒప్పుకోక ఏం చేస్తాను? ఆ బల్ల మీద ఆమె కూడా చివరిదాకా మిగిలింది లేదు. నేను గెలవలేనని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. ఆ రాత్రి నాకు పెద్దగా నిద్ర పట్టలేదు. మరిదిని నాలుగు మెళకువలు అడుగుదామంటే, వాడు తెల్లవారి బస్సుకు జిప్పుల కోసం బళ్లారి పోవాలని ముసుగుతన్ని పడుకున్నాడు.

సోమవారం రెండింటికి కూర్చున్నాను. అత్త నా కుడిపక్క స్టూలు మీద. తలుపు తీసే ఉంది, హాల్లో మిషన్లు తిరుగుతూనే ఉన్నాయి. మొదటి గంట నా భయమే నన్ను కాపాడింది. వాళ్లూ వాళ్లూ కొట్టుకున్నారు, నేను మంచి ముక్కలు వచ్చేదాకా పడేస్తూ కూర్చున్నాను. ఒక్కొక్కడే ఖాళీ అయ్యాడు. కళ్లజోడోడు పోయాడు. పిల్లిమొహాన్ని నేనే మూడు తొమ్మిదులతో పంపించాను. నలుగురం మిగిలేసరికి ఒక మిషను ఆగింది. ముగ్గురమయ్యేసరికి ఇంకో రెండు ఆగాయి. టైలర్లు టీకి లేచినట్టు లేచి ఒక్కొక్కరే గుమ్మం దగ్గర చేరారు. అత్త వెనక్కి తిరిగి చూసి, స్టూలు తెరకు ఇంకొంచెం దగ్గరగా జరుపుకుంది. ఆమెకూ ఆట ఎక్కింది.

నాలుగున్నరకు ఇద్దరమే మిగిలాం. అవతలివాడి బొమ్మకు ఎర్రటోపీ. వాడి బిళ్లలు నాకంటే కొంచెం ఎక్కువ. వాడు ఎక్కడివాడో, అక్కడ పగలో రాత్రో, ఒక కోడలి ఎనిమిదేళ్ల కోరిక తన చేతిలో ఉందని వాడికి ఏం తెలుసు?

నా చేతికి ఎనిమిది, తొమ్మిది వచ్చాయి. బల్ల మీద మొదట మూడు ముక్కలు తిరిగాయి: ఆఠీన్ పది, ఆఠీన్ జాకీ, కళావరు మూడు. సీక్వెన్సుకు ఒక్క ముక్క తక్కువ. నాలుగోది ఆఠీన్ రెండు, పనికిరాలేదు. ఐదోది ఇస్పేటు ఏడు. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, జాకీ. గుమ్మం దగ్గర ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. ఎర్రటోపీ తన బిళ్లల్లో సగం ముందుకు తోశాడు.

అప్పుడు చూసుకున్నాను. బల్ల మీద మూడు ఆఠీన్లు ఉన్నాయి. వాడి చేతిలో ఇంకో రెండు ఆఠీన్లుంటే కలర్ అవుతుంది. ఉగాది లెక్కలో సీక్వెన్సే పెద్దది, సందేహం లేదు. అయినా ఇది ఐదు ముక్కల ఆట, ఊరు కాని ఊరివాళ్ల ఆట. తెరమీద క్షణాలు తరుగుతున్నాయి. అత్త వైపు తిరిగి అడిగాను.

“అత్తా, వాని దగ్గర కలర్ ఉండాదేమో?”

“ఉంటే ఏమి? సీక్వెన్సు ముందర కలర్ యాడ నిలుస్తాది? మొత్తం తోసెయ్.”

వెనక నుంచి టైలర్లు కూడా అవునవునన్నారు. అందరూ ఉగాది ఆడినవాళ్లే. ఇంక నాకు భయం పోయింది. ఉన్న బిళ్లలన్నీ ఒక్క నొక్కుతో తోసేశాను.

ఎర్రటోపీ ఆగిపోయాడు. వాడి పక్కన చిన్న గీత ఒకటి తరుగుతూ వచ్చింది. వాడు ఎంతకీ తేల్చుకోలేకపోయాడు. గీత ఇంక అయిపోతుందనగా, ప్యాక్ చేశాడు. చేసి, తన ముక్కలు తిప్పి చూపించాడు. ఆఠీన్ నాలుగు, ఆఠీన్ ఆరు. కలర్.

గుమ్మం దగ్గర నవ్వులు, ఈలలు. పాపం, వాడికీ లెక్క తెలుసు, చిన్న ముక్కలని ఒప్పుకుని పడేశాడు అనుకున్నాం. నాకు వాడి మీద గౌరవం కూడా కలిగింది. అత్త మాత్రం తెర వైపే కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోయింది. నేను గెలుస్తున్నానని కళ్లు కుట్టాయిలే అనుకున్నాను. ఆ తర్వాత పెద్దగా పని లేదు. మూడో ఆటలో వాడు మిగిలినవన్నీ తోశాడు, నా దగ్గర రెండు రాణులున్నాయి. ఎర్రటోపీ మాయమై, బల్ల మీద నా బొమ్మ ఒక్కటే మిగిలింది.

టైలర్లు అత్త వైపు చూశారు. నేనూ చూశాను. ఆర్డరు ఉంది, మరోసారి చూద్దాంలే అంటుందని అందరం భయపడ్డాం. ఆమె లేచి, హాల్లోకి నడిచి, గోడ దగ్గర మిషన్ల లైనుకున్న పెద్ద స్విచ్ కిందికి లాగింది. ఇంకా ఇద్దరు కుడుతున్నారు. వాళ్ల మిషన్లు సగం కుట్టులో ఆగిపోయాయి. తర్వాత నడుము నుంచి రిమోట్ తీసి నా చేతిలో పెట్టింది. అది వెచ్చగా ఉంది.

ఆ సాయంత్రం నేను రాణిని. మొదటి బంతి పడేటప్పటికి నేను తెరకు ఎదురుగా, కట్టిన ప్యాంట్ల కట్టల మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మా ఆయన టీ తెచ్చి ఇచ్చాడు. పెళ్లయ్యాక అదే మొదటిసారి. టైలర్లు నన్ను సందేహాలు అడిగారు, నేను చెప్పాను. మనవాళ్లు నూట యాభై ఏడు కొట్టినప్పుడు, ఇది చాలదేమోనని ఒకడంటే, ఫైనల్లో ఇది చాలునని గదమాయించాను. నా లోపలి వణుకు ఎవరికీ కనపడనివ్వలేదు.

అత్త కూడా ఒక మిషన్ స్టూలు మీద కూర్చుంది, చివరిదాకా లేవలేదు. మొదట్లో అసహనంగా దారాలు కత్తిరించింది. పది ఓవర్లయ్యాక కత్తెర పక్కన పెట్టేసింది. ఆట నియమాలు ఆమెకు పట్టలేదు, మొహాలు పట్టాయి. ఫలానావాడు ఉత్తదే బెదిరిస్తున్నాడని, ఫలానావాడి దగ్గర నిజంగా ఏదో ఉందని చెప్పడం మొదలుపెట్టింది. నాలుగింట్లో మూడు సరిగ్గా అయ్యాయి. నాయన ఉంటే ఆమెకు శనక్కాయలతో ఫీల్డింగ్ నేర్పేవాడు అనుకున్నాను. ఆరింటి బస్సుకు వచ్చిన మరిది జిప్పుల మూట గుమ్మంలోనే పడేసి కింద చతికిలబడ్డాడు. ఆగిన మిషన్ల సంగతి అడగబోతే అందరం కలిసి నోరుముయ్యమన్నాం.

చివరి ఓవరులో వాళ్లకు పదమూడు పరుగులు కావాలి. వాళ్లది చివరి జత. మన కెప్టెన్ బంతిని పెద్దగా పేరులేని కుర్రాడి చేతిలో పెట్టాడు.  మొదటిది వైడు. తర్వాతిది కొట్టేవాడి బ్యాటుకు తగల్లేదు. ఆ తర్వాతిది ఎత్తి సిక్స్ కొట్టాడు, ఎదురు అంగడిలో ఎవరో గ్లాసు పగలగొట్టారు. నాలుగు బంతులు, ఆరు పరుగులు. నేను కట్టల మీద లేచి నిలబడ్డాను. వాడు మోకాళ్ల మీదికి జారి, బంతిని వెనక్కి తిప్పి లేపాడు. అది గాల్లోకి లేచిన క్షణంలో నాకు మంచం మీది దుప్పటి, దాని మీద మా నాయన పెట్టిన శనక్కాయ, ఆ చోటు, అన్నీ తెలిసిపోయాయి. అక్కడ మనవాడు ఉన్నాడు. బంతి వాడి చేతుల్లో పడి కప్పు మనదయ్యేలోపే నేను అరిచేశాను.

ఎంతసేపు అరిచానో తెలియదు. ఏడ్చాను కూడా. పన్నెండుమంది టైలర్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. మా ఆయన నన్ను, అందరి ముందూ, భుజం పట్టుకుని ఊపాడు. మొదటి బంతి, చివరి బంతి, మధ్యలో ఉన్నవన్నీ నావి. ఎనిమిదేళ్లు ఒక్కసారిగా తీరిపోయాయి.

మర్నాడు టైలర్లు పిలవకుండానే చీకటితో వచ్చారు. పార్సిల్ మొదటి బస్సుకు అందలేదు, మూడో బస్సుకు పోయింది. వ్యాపారి ఫోన్లో ఎగిరితే, కరెంటు లేదప్పా, నేనేం చేయల్ల అని అత్త తాపీగా చెప్పి పెట్టేసింది.

అసలు సంగతి దీపావళి ముందు బయటపడింది. ఒక మధ్యాహ్నం నేను సీక్వెన్సుతో ధీమాగా బిళ్లలన్నీ తోశాను. అవతలివాడు కలర్ చూపించాడు, నా బిళ్లలన్నీ వాడివైపు పోయాయి. కంప్యూటర్ తప్పు చేసిందని నేను గొడవ పడితే, మరిది పగలబడి నవ్వాడు. పోకర్లో కలరే పెద్దదట. మూడాకుల ఆట లెక్క అక్కడ తలకిందులట. వాడు ఇంగ్లీషులో రాసిన పట్టిక తెరమీద తీసి ఒక్కొక్కటే చదివి చూపించాడు. అంటే ఆ సోమవారం పెద్ద ముక్కలు ఎర్రటోపీవి. చిన్న కలర్ పెట్టుకుని వాడు సందేహపడ్డాడు; నేను ఒక్క క్షణం కూడా సందేహించకుండా అన్నీ తోసేసరికి, ఇంకా పెద్దదేదో నా దగ్గర ఉందని హడలిపోయాడు. నాకు నిజంగా భయం లేదు కనుకనే వాడు భయపడ్డాడు.

ఆ భయం తీసేసింది ఎవరు? నేను పరుగున హాల్లోకి పోయాను. అత్త కట్టలకు ముడి వేస్తోంది.

“అత్తా, ఆ ఆటలో కలరే పెద్దదంట. నీకు తెల్సా?”

“తెల్సు. సీక్వెన్సు పెట్టుకోని నేను రెండుతూర్లు మునిగినా.”

“మరి ఆ పొద్దు తోసెయ్ అని ఏంటికి చెప్పినావు?”

“నువ్వు ఓడిపోవల్లని. తెల్లారి పార్సిల్ పోవల్ల గదా.”

దారం పళ్లతో తెంపి, ఇంకో కట్ట దగ్గరకు లాక్కుంది. మొహంలో సిగ్గు లేదు, జంకు లేదు. నాకు కోపం తన్నుకొచ్చింది. సరే, మోసం చేశావు. వాడు ముక్కలు చూపించినప్పుడు, టైలర్లందరి ముందూ, నీది చిన్నదే అని ఎందుకు చెప్పలేదు, మిషన్లు ఎందుకు ఆపావు అని నిలదీశాను.

“వాడు ప్యాక్ చేసినాడు. నువ్వు గెల్చినావు. మాటిచ్చినా. ఇంగ చెప్పేదేముండాది?”

అని, తల ఎత్తి నా వైపు చూసి, ఉగాది కాకపోయినా నవ్వింది. నేనూ నవ్వాపుకోలేకపోయాను. ఆ ఇంట్లో నేను అత్తను ఓడించింది ఆ ఒక్కసారే, అదీ ఆమె చెప్పిన మాట విని.